నీళ్ల కన్నాలు

గద్వాల
మే 4

తమ్మీ కురుమూర్తీ,

బాగున్నావా? నువ్వు బాగుంటావని తెలుసు, అడగడం మర్యాద.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకోకు. నలభై ఏళ్లు రాయి మీద సుత్తి చప్పుడు విన్న చెవులు ఇవి. ఫోన్‌లో ఎవరు ఏం చెప్పినా గాలి వీచినట్టే ఉంటుంది. "సరే సరే" అనడం అలవాటై, పోయిన నెల ఎవరి పెళ్లికో వంట గిన్నెలు మోసుకొస్తానని ఒప్పుకున్నాను. మెసేజ్ పెడితే మా కోడలు నిషాత్ నాకంటే ముందు చదివి, జవాబు కూడా తనే ఇచ్చేస్తుంది. అందుకని కాగితం. పైగా వెంకటన్న సారు మనకు నేర్పిన తెలుగు ఎక్కడో ఒకచోట వాడాలి కదా. నోటితో మన మాట, కాగితం మీద బడి మాట. "గిట్ల రాస్తే చెయ్యి ఇరగ్గొడ్త" అని అమరచింత బడిలో ఆయన వేసిన దెబ్బ ఇంకా వేళ్ల మీదే ఉంది.

అసలు సంగతి. నాకు ఉద్యోగం వచ్చింది. యాభై ఏడేళ్ల సున్నపు మేస్త్రీకి, ఏడో తరగతి చదువుకు.

హైదరాబాద్ సంస్థ ఒకటి మన పక్క పాత మెట్లబావులను కాపాడే పని పెట్టుకుంది కదా, నువ్వు కాపలా ఉండే బూర్గుచెల్క బావితో సహా. ఎండలు పెరిగాయి, నెల వాన ఒక్క పూటలో పడుతోంది, ఇది ఇక తగ్గేది కాదు, పాత గోడలు దీన్ని ఓర్చుకోవాలంటే ఊరివాళ్లే పూనుకోవాలి. వాళ్లు చెప్పదలచుకున్నది ఇదీ. మంచి మాటే. కానీ బోర్డు మీద ఎలా రాశారో చూడు: "వాతావరణ స్థితిస్థాపకత ద్వారా వారసత్వ పరిరక్షణ." మల్దకల్ పక్కన ఒక ఊళ్లో ఆ బోర్డు పెడితే ఒక ముసలామె దాన్ని రెండుసార్లు చదివించుకుని, "గిది ఎప్పటిసంది ఇస్తరు బిడ్డా, ఆధార్ కారట్ తేవాల్నా" అని అడిగింది.

నేను అక్కడే మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ఆమెకు సంగతి మన మాటలో చెప్పాను. ఆమె నవ్వింది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బోర్డు పెట్టించిన అమ్మాయి, పేరు పూజ, నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది. "మొయిన్ గారూ, ఇదే మీరు మైకులో చెప్పాలి" అంది.

మొదటి సభ మీ ఊళ్లోనే, పద్దెనిమిదిన. మీ బావి తూర్పు గోడ జారితే దాన్ని ఆనుకుని ఉన్న మీ ఇల్లు, నీ గొర్రెల దొడ్డి కూడా జారుతాయి. కాబట్టి నువ్వు ముందు వరుసలో కూర్చోవాల్సిన మనిషివి. ఎక్కడ నవ్వాలో జనానికి తెలియకపోతే నువ్వు మొదలుపెట్టు. నీ ఇల్లాలు తిమ్మమ్మకు నా సలాం.

నీ మొయినన్న


బూర్గుచెల్క, అమరచింత మండలం
మే 26

మొయినన్నకు కురుమూర్తి నమస్కారాలు.

సభ జరిగి వారం దాటింది. ఊళ్లో ఇంకా నీ ముచ్చటే. "మీ ముత్తాత మీ కోసం గింత పెద్ద బావి కట్టిండు, ఆయనకు మీరు ఒక్క గొడుగన్న పట్టరా? చుక్క నీళ్లు గోడ లోపలికి పోనియ్యకుండ్రి." తిమ్మమ్మ అచ్చం నీలాగే చెయ్యి ఊపుతూ చెప్పి చూపిస్తోంది. నడుమ నడుమ నువ్వు దగ్గడం కూడా వదల్లేదు.

మాట దగ్గరే ఆగలేదు. తిమ్మమ్మ సంఘం ఆడవాళ్లు పన్నెండు మంది బావిలోకి దిగారు. గోడలో మొలిచిన పిచ్చి మొక్కలు పీకారు. పైనుంచి వచ్చే వరద పక్కకు మళ్లేట్టు గట్టు పోశారు. సందులు పూడ్చారు. ఇన్నేళ్లు కాపలా ఉన్నాను, ఆ బావి కోసం ఊరు కదలడం మాత్రం ఇప్పుడే చూశాను. పూజ మేడం వచ్చి ఫోటోలు తీసుకుపోయింది.

నిన్ను ఒక మాట అడుగుదామనుకున్నాను, సభలోనే. నువ్వు మంచి ఊపులో ఉన్నావు. తర్వాత జనం నిన్ను వదల్లేదు. పెద్ద మాటేమీ కాదు. మేస్త్రీవి నువ్వు, నీకు తెలియనిది కాదు. కలిసినప్పుడు చూద్దాం.

ఇట్లు
కురుమూర్తి


గద్వాల
జూన్ 22

తమ్మీ,

నేను పెద్ద మనిషినయ్యాను. నాకే ఆలస్యంగా తెలిసింది.

మీ ఊరి సభను పూజ ఫోన్‌లో పట్టింది కదా. అది చేతులు మారి మారి మూడు జిల్లాలు తిరిగిందట. ఇప్పుడు ఆటోలకు మైకులు కట్టి, మెట్లబావి ఉన్న ప్రతి ఊళ్లో దాన్ని వినిపిస్తున్నారు. మీ ఊరితో కలిపి పదకొండు ఊళ్లు. నేను ఇంట్లో గోడకు ఆనుకుని చాయ్ తాగుతుంటాను, అదే వేళకు నేను నాగర్‌కర్నూల్ దాటి పోతుంటాను. నిన్న మా గల్లీలోంచే ఆటో పోయింది. నిషాత్ కిటికీలోంచి చూసి, "మామా, నువ్వు పోతున్నవ్" అని గట్టిగా చెప్పింది.

సున్నం గుంట సంగతి చెప్పనా? బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నానబెడితే సాయంత్రానికి పైన పగుళ్లు. మా అబ్బా కాలంలో రోజుకు ఒకసారి నీళ్లు పోసేవాళ్లం. నేను మూడుసార్లు పోస్తున్నాను. మృగశిర వచ్చి పోయింది, మబ్బు పత్తా లేదు. ఇలా దాచి దాచి ఒక్కరోజే కుమ్మరిస్తుంది, అదీ నా భయం. అందుకే ఆ ఆటోలు తిరగడం నాకు సంతోషంగానే ఉంది.

సెప్టెంబర్ పదమూడున నాగర్‌కర్నూల్‌లో పెద్ద సభ. పదకొండు ఊళ్ల నుంచీ జనం వస్తారు. నాకు శాలువా కప్పుతారట. ఈ ఎండలకు శాలువా కప్పడం కూడా వాతావరణం మీద పోరాటమేనేమో, పూజను అడగాలి.

ఏదో అడుగుదామనుకున్నానన్నావు. ఏమిటా మాట? రాయి.

నీ మొయినన్న


బూర్గుచెల్క
ఆగస్టు 19

మొయినన్నకు,

బావి తూర్పు గోడ కూలింది.

పదిహేడో తేదీ ఆదివారం పగలు రెండు గంటలకు వాన మొదలైంది. నాలుగున్నరకు గోడ పడింది. గొర్రెల దొడ్డి సగం పోయింది. ఇల్లు నిలిచింది.

అధికారులు వచ్చి కొలతలు తీసుకున్నారు. అతివృష్టి వల్ల అని రాసుకున్నారు. ఇలాంటి వాన ఈ మండలంలో ఎవరూ చూడలేదని అందరూ అంటున్నారు.

నువ్వు రావద్దు. వాగు దగ్గర దారి తెగింది. వచ్చినా ఇక్కడ చేయడానికి ఏమీ లేదు. నీ ఉత్తరానికి జవాబు ఇవ్వలేదని ఏమీ అనుకోకు.

కురుమూర్తి


గద్వాల
ఆగస్టు 24

కురుమూర్తీ,

నీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. ఇంకా అర్థం కాలేదు.

ఆ గోడ నాకు తెలుసు. పన్నెండేళ్ల వయసులో మా అబ్బా వెంట వచ్చి దానికి సున్నం అందించాను. ఏ వరుసలో ఏ రాయి వంకరగా ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. 2009లో అలంపూర్ ఇళ్లలో నీళ్లు నిలిచినప్పుడు మీ ఊళ్లో కూడా వాన విడవకుండా పడింది. అది అయిపోయాక నేనే వచ్చి తాడు పట్టి చూశాను. వెంట్రుక మందం కదల్లేదు. రెండున్నర గంటల వానకు పడే గోడ కాదు అది.

నిన్న పూజ మా ఇంటికి వచ్చింది. రిపోర్టు చూపించింది. నాగర్‌కర్నూల్ సభలో నేను ఈ గోడ గురించి చెప్పాలట. వాతావరణం మారితే ఏం జరుగుతుందో జనానికి ఇంతకంటే బాగా తెలియజేసేది ఇంకోటి లేదంది. ఆ మాటలో తప్పేం లేదు. నేను తల ఊపాను. లేచి వెళ్తూ ఆమె ఇంకేదో అడిగింది. నాకు వినబడలేదు. నిషాత్ మొహం మాత్రం చూశాను. ఏమిటని అడిగితే నా అరచెయ్యి పట్టుకుని వేలితో రాసింది. ముందు తిమ్మమ్మ పేరు రాసింది. దాని కింద "కాలు" అని రాసింది.

నువ్వు నాకు ఉత్తరం రాశావు. గొర్రెల దొడ్డి గురించి రాశావు.

తిమ్మమ్మకు ఏమైంది? గోడకు ఏం చేశారు? నీళ్ల కన్నాలు ఏమయ్యాయి? ఏమీ దాచకుండా రాయి.

మొయినుద్దీన్


వనపర్తి, దవాఖాన
ఆగస్టు 28

మొయినన్నా,

బడి తెలుగు నాతోటి అయితలేదు. గిట్లనే రాస్త.

తిమ్మమ్మ కుడికాలు మోకాలి కింద నలిగింది. చుట్టు తొవ్వల ఈడికి తెచ్చినం, రెండుసార్లు ఆపరేషన్ చేసిండ్రు. కాలైతే ఉంచిండ్రు గని ఇగ మడవరాదంట. వాన పడ్తుంటే గోడలకెంచి ఏందో చప్పుడొస్తుందని ఆమెనే చూడనీకె పోయింది. నేను గొర్లను అవతలికి తోల్తున్న. ఎనక్కి తిరిగెవరకు గోడ లేదు, ఆమె లేదు. ఎనిమిది మందిమి కలిసి రాళ్లు తీసినం. ఆమె ఏడ్వలేదన్నా. "ఒక్క చుక్క గూడ పోనియ్యకపోతిమి గదా, మల్ల ఎట్ల పడ్డది" అని అడిగింది. నడుము దాక రాళ్ల కింద ఉండి గదే అడిగింది.

కన్నాలు ఏమైనయని అడిగినవ్. నలభై రెండు కన్నాలుండె ఆ గోడల. అన్ని మూసిండ్రు. ఇండ్లు కట్టంగ మిగిలిన సిమెంటు సంచులు ఎవరింట్ల ఉన్నయి వాళ్లు మోసుకొచ్చి గోడ మొత్తం మెత్తిండ్రు. కన్నాలల్ల పాత గుడ్డలు కుక్కి మీదికెంచి సిమెంటు పెట్టిండ్రు. అండ్లకెంచి పాములు గూడ వస్తుండె గదా, గందుకని ఇంక గట్టిగ పెట్టిండ్రు. చుక్క పోవద్దంటివి గదా. ఆఖరి కన్నం తిమ్మమ్మ మూసింది. మూసి ఫోటో దిగింది.

గోడ ఎనక మన్ను వాన నీళ్లు తాగింది. తాగి తాగి ఉబ్బింది. బయటికి పోనీకె తొవ్వ లేదు. గోడను దొబ్బింది.

వాన తప్పు లేదని నేననను. గసొంటి వాన నేను చూడలే. గని ఆ కన్నాలుంటే గోడ ఉంటుండె.

నీకు చెప్పొద్దనుకున్న. చెప్తే నువ్వు నవ్వుడు బంద్ చేస్తవని.

కురుమూర్తి


గద్వాల
సెప్టెంబర్ 2

కురుమూర్తీ,

నీ ఉత్తరం వచ్చిన పూటే నిషాత్‌ను కూర్చోబెట్టాను. మీ ఊళ్లో నేను మాట్లాడింది మొత్తం మొదటి నుంచి చివరి దాకా ఫోన్‌లో వింటూ కాగితం మీద రాయమన్నాను. ఆటోల్లో తిరిగింది ముక్క మాత్రమే కావచ్చు, ఎవరో కత్తిరించి ఉండవచ్చు అనుకున్నాను. నేను కన్నాల గురించి చెప్పకుండా ఎలా ఉంటాను? మేస్త్రీని.

నాలుగు పేజీలు వచ్చింది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. ముత్తాత గొడుగు ఉంది. సర్పంచ్ మీసాల మీద వేసిన జోకు ఉంది. జనం ఎక్కడెక్కడ నవ్వారో నిషాత్ పక్కన గీత పెట్టింది, దగ్గినచోట కూడా పెట్టింది. కన్నాలు లేవు. రెండోసారి చదివాను. లేవు. సున్నం అన్న మాట ఒకేచోట ఉంది, అదీ నా పెళ్లినాటి కథలో. సిమెంటు వద్దన్న మాటే లేదు.

ఎందుకు చెప్పలేదో తెలుసా? మా ఇంట్లో అది చెప్పే మాట కాదు. మృగశిరకు ముందు ఇనుప చువ్వ పట్టుకుని బావిలోకి దిగడం, ఒక్కో కన్నం పొడిచి మన్ను రాలగొట్టడం, మా అబ్బా చేశాడు, మీ నాయన చేశాడు. పాత గోడకు సున్నమే వేస్తారు, ఇంకేం వేస్తారు? అన్నానికి ముందు చెయ్యి కడుక్కొమ్మని మైకు పెట్టి ఎవరూ చెప్పరు కదా. అందరికీ తెలుసనుకున్నాను. చువ్వ పట్టినవాళ్లు పోయి పాతికేళ్లయిందని, తిమ్మమ్మ సంఘంలో సగం మంది ఆ చువ్వను చూసి కూడా ఉండరని నాకు తట్టలేదు. కొత్త సంగతి చెప్పే సంబరంలో పాతది మింగేశాను.

పూజకు చెప్పాను. ఆమె నిషాత్ రాసిన నాలుగు పేజీలూ చదివింది. తర్వాత నాకు వినబడాలని దగ్గరకు జరిగి, "మొయిన్ గారూ, మీరే తప్పు చెప్పారని తెలిస్తే, వాతావరణం మారుతోందన్న మాట కూడా ఇక ఎవరూ నమ్మరు. వాన వల్ల అందాం. అది అబద్ధం కాదు కదా" అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. మోసం చేసే పిల్ల కాదు. పైగా ఆమె అన్నట్టు అది అబద్ధం కూడా కాదు. నాకు భయం వేసింది అందుకే.

మిగతా పది ఊళ్లకు ఇంజినీర్లను పంపుతారట, వచ్చే నెల.

నేను సభకు పోను. ఇక మైకు పట్టను. నోరు తెరవను. నా నోటికి ఒక కాలు చాలు. సున్నం నూరుకుని బతుకుతాను.

మొయినుద్దీన్


వనపర్తి
సెప్టెంబర్ 6

మొయినన్నా,

నోరు తెరవనంటున్నవ్. గా పని నేను చేసి చూసిన. జర విను.

మే పద్దెనిమిది నాడు నేను ముందు వరుసల కూసున్న. నువ్వే కూసోమన్నవ్. "చుక్క నీళ్లు పోనియ్యకుండ్రి" అన్నవ్. అనంగనే నాకు తట్టింది, అన్న కన్నాల మాట మరిచిండని. మా నాయన చువ్వ పట్టుకొని తిరుగుతుంటే ఎనక నీళ్ల ముంత మోసినోన్ని, నాకు తెల్వదా? లేద్దామని కాళ్లు గూడ దగ్గరికి తీసుకున్న. గప్పుడే నువ్వు సర్పంచ్ మీసాల ముచ్చట ఎత్తుకున్నవ్. అందరు పడి పడి నవ్విండ్రు. నడుమల లేసి మాట్లాడితే నవ్వు చెడిపోతదనుకున్న. నీకు మొదటి సభ. హైదరాబాద్ మేడం చూస్తుంది. నీ ఇజ్జత్ పోతదనుకున్న. కూసున్న. నవ్విన గూడ. నిషాత్ గీతలు పెట్టింది గదా, అండ్ల నాది గూడ ఉన్నది.

తిమ్మమ్మ ఆఖరి కన్నం మూస్తుంటే పక్కపొంటే నిలబడ్డ. "గిది మూస్తరానె" అన్న. "మొయినన్న మేస్త్రి, ఆయనకంటె నీకెక్కువ తెలుసా" అన్నది. ఎక్కువ తెల్వదు. గంతమటుకు తెలుసు. ఊకున్న.

జూన్ల నువ్వడిగినవ్, ఏందా మాట రాయి అని. కాగితం తీసి ముందల పెట్టుకున్న. గోడ నిలబడే ఉండె. ఇప్పుడు రాస్తే మల్ల ఆడోళ్లందరు నన్ను తిడ్తరు, సిమెంటు పీకాలె, ఎందుకొచ్చిన లొల్లి అనుకున్న. కాగితం మల్ల సంచిల పెట్టిన.

గిదంత తిమ్మమ్మకు నిన్న చెప్పిన. గప్పటిసంది నాతోటి మాట్లాడ్తలేదు. అన్నం పెడ్తే తింటుంది, మొకం గోడ దిక్కు తిప్పుకొని.

నోరు మూసుకునుడు అంటే గిట్లుంటదన్నా. నీ నోటికి ఒక కాలు అంటున్నవ్. నాది గూడ లెక్కేసుకో.

పది ఊర్లున్నయి. ఇంజినీర్లు వచ్చే నెల వస్తమంటున్నరు. వాన గట్ల చెప్పలే. సభకు పో.

కురుమూర్తి


నాగర్‌కర్నూల్
సెప్టెంబర్ 15

కురుమూర్తీ,

పోయాను.

శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. హాలు నిండా జనం. ఆటోలో విన్న మనిషి ఎలా ఉంటాడో చూడాలని వచ్చారు. నేను అన్నాను: "బూర్గుచెల్క బావి గోడను నేనే కూలగొట్టిన."

వాళ్లు నవ్వారు.

నా జీవితంలో నవ్వుకు అంత భయపడింది లేదు. నేను ఊరుకున్నాను. నేను ఊరుకున్నకొద్దీ ఇంకా నవ్వారు, తర్వాత పెద్ద జోకు వస్తుందని. ఒకాయన పక్కవాడి తొడ మీద చరిచి, "చూడు ఇప్పుడు" అంటున్నాడు. అప్పుడు తిమ్మమ్మ పేరు చెప్పాను. కాలు సంగతి చెప్పాను. రాళ్ల కింద ఉండి ఆమె ఏమడిగిందో చెప్పాను. నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. వెనక వరుసల్లో చివరిదాకా ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు, పక్కవాళ్లు మోచేత్తో పొడిచేదాకా.

కన్నాలు ఎందుకో చెప్పాను. సిమెంటు తడిని లోపలే పట్టేస్తుందని, సున్నమే బయటికి వదులుతుందని చెప్పాను. వానలు నిజంగానే మారాయని, ఇంకా ముదురుతాయని, ముందెప్పటికంటే ఇప్పుడే నీళ్లకు తొవ్వ ఉంచాలని చెప్పాను. ఒక్క జోకు కూడా రాలేదు, వేద్దామన్నా. పూజ పక్కన తల వంచుకుని నిలబడింది. ఆపలేదు.

ఒకామె లేచింది. జములమ్మ అట. ఈ పక్క ఊరే, పేరు రాయొద్దన్నారు, రాయను. "మేం గూడ మూసినం. అన్ని మూసినం. మా బావి గోడ ఎనకనే అంగన్‌వాడీ ఉన్నది. మల్ల ఇప్పుడెట్ల?" అంది. హాల్లో ఇంకో నాలుగు చోట్ల ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

భోజనాలు వదిలేసి అటే పోయాం. పూజ కారులో ఉలులు, సుత్తులు వేసుకుని వచ్చింది. దారిలో ఇంజినీరుకు ఫోన్ చేసి, నేను చెప్పే పద్ధతి సరేనా కాదా అని ప్రతి మాటా అడిగి నాకు రాసి చూపించింది. ముందు అంగన్‌వాడీ ఖాళీ చేయించాం. పై వరుస కన్నాల నుంచి మొదలు పెట్టాలి, ఎదురుగా ఎవరూ ఉండొద్దు, పక్క మెట్టు మీద నిలబడి కొట్టాలి. గోడకు అటు నుంచి ఇటు తాడు పట్టాను. నడుమ జానెడు ముందుకు వచ్చి ఉంది.

మొదటి రెండు కన్నాల్లో తడి మన్నే వచ్చింది. మూడోదానికి సిమెంటు పెచ్చు ఊడగానే లోపలి గుడ్డ దానంతట అదే ఎగిరి అవతల పడింది. దాని వెనక నీళ్లు. కురుమూర్తీ, నీళ్లు కారలేదు, దూకాయి. ఎర్రగా, బావికి అడ్డంగా, ఎదురు మెట్ల దాకా. నేను కన్నానికి ఎదురుగా నిలబడి ఉంటే నన్ను కొట్టేసేవి. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. వాన పడి అప్పటికి ఎనిమిది రోజులట. ఎనిమిది రోజులుగా ఆ నీళ్లన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి. కింది వరుస దాకా తెరిచేసరికి పొద్దు వాలింది, ఇంకా పారుతూనే ఉన్నాయి.

జములమ్మ అంగన్‌వాడీలోకి పోయి చాలాసేపు రాలేదు. చూద్దామని పోయాను. పిల్లలను మధ్యాహ్నం పడుకోబెట్టే చాపలు వరుసగా పరిచి ఉన్నాయి. ఆమె బావి వైపు గోడ అంచు నుంచి చాపల దాకా అడుగులు వేసి కొలుస్తోంది. నాలుగు అడుగులు. మళ్లీ కొలిచింది. నాలుగే. నా దిక్కు తిరిగి, "గిది అప్పుడే చెప్తే నీ సొమ్మేం పోయింది" అంది.

తొమ్మిది ఊళ్లు మిగిలాయి. వచ్చే వారం బుధవారం నుంచి మొదలు పెడదామని పూజ అంటోంది, అప్పటిదాకా ఆ గోడల దగ్గరికి ఎవరూ పోవద్దని ఊళ్లకు ఫోన్లు చేసింది. ఆటోల్లో నా గొంతు ఆపించింది. కొత్తగా ఏం చెప్పాలన్నా ముందు నలుగురు పాత మేస్త్రీలకు వినిపించాకే అంటోంది.

ఇంకోటి దాచాను. ఇక్కడికి వనపర్తి మీదుగానే వచ్చాను. దవాఖాన గేటు దాకా వచ్చి, పండ్లు కొని, ఆ పండ్లు బయట కూర్చున్న వాళ్లకిచ్చి బస్సెక్కాను. తిమ్మమ్మ ముందుకు రాలేకపోయాను. ఆమె ఏమంటే అది నాకు రాయి.

మొయినుద్దీన్


వనపర్తి
సెప్టెంబర్ 19

మొయినన్నా,

నీ కాగితం తిమ్మమ్మకు చదివి వినిపించిన. అంగన్‌వాడీ కాడికి రాంగనే ఆగుమన్నది. మల్లొకసారి చదువుమన్నది. చదివిన. దుప్పటి మీదికి గుంజుకొని కండ్లు మూసుకున్నది. పండుకున్నదనుకున్న.

జరసేపటికి రెండు వారాలల్ల మొదటిసారి నాతోటి మాట్లాడింది. "మిగిలిన ఊర్లకు నేను పోత" అన్నది. నీ కాలు గిట్లుంది, డాక్టర్ ఏమంటడో అన్న. "డాక్టర్ పొమ్మన్నడు మంగళారం. ఇంటికన్నడు గని ఇంట్లనే కూసోమనలే. బుధవారం మొదలు పెడ్తమన్నరంట గదా, మైకు నాకియ్యుమను. ఆఖరి కన్నం మూసిన చెయ్యి ఎట్లుంటదో అందరు చూడనీ" అన్నది.

గని ఆమె ఒకటి మాట తీసుకున్నది నా తాన. నీ తాన గూడ తీసుకొమ్మన్నది. ఆమె మాట్లాడేటప్పుడు మనిద్దరం ముందు వరుసల కూసోవాలె. ఏదన్న మరిచినా, ఏదన్న తప్పు చెప్పినా, ఆడనే లేసి ఆపాలె. ఎంతమంది ఉన్నా సరే, నవ్వుతున్నా ఏడుస్తున్నా సరే. "మీరిద్దరు ఒకరి ఇజ్జత్ ఒకరు కాపాడుకుంటిరి, రాళ్లు నా మీద పడె" అన్నది. అండ్ల ఒక్క మాట గూడ కాదనరాలే నాకు.

నీ మీద కోపముందా అని అడిగిన. "వచ్చినంక ఆయనకే చెప్త, నీకెందుకు" అన్నది.

మంగళారం పదిగంటలకు వదుల్తరు, గప్పటికి నువ్వు దవాఖాన గేటు కాడికి రా. ఆటో మాట్లాడిన. కాలు చాపుకోవాలె కాబట్టి ఎనక సీటు మొత్తం ఆమెకే. మనిద్దరం డ్రైవర్‌కు చెరో దిక్కు ఇరుక్కోవాలె. తొవ్వ పొడుగూత ఆమె ఎనకకెంచి ఏమంటదో నాకు తెల్వదు.

ఏమన్న అననీ.

కురుమూర్తి